ఆ ఊరికి టికెట్టు

లివోర్నో సంత వెనక, కాలవ గట్టున ఉన్న తోర్తా కొట్టుకు జనం రెండింటి కోసం వచ్చేవారు. ఒకటి తోర్తా. శనగపిండి జారుగా కలిపి, వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి, పైన ఎర్రగా పొర కట్టేదాకా కట్టెల పొయ్యిలో కాల్చే రొట్టె అది. రెండోది ఆ కొట్టు నడిపే మొగుడూ పెళ్ళాల పోట్లాట.

పొయ్యి దగ్గర ఇల్వా ఉండేది. వీధివైపు బల్ల దగ్గర వినీచో ఉండేవాడు. మధ్య గోడలో ఒక చిన్న కిటికీ. అందులోంచి ఇటు పళ్ళేలు వచ్చేవి, అటు మాటలు వెళ్ళేవి.

“భార్య అంటే మగాడిలో సగమని చెప్తారు పాదిరీలు,” అనేవాడు వినీచో రొట్టె కోస్తూ. “నిజమేనర్రా. నాకు నోరున్న సగం తగిలింది.”

“రెండో సగానికి బుర్ర పెట్టడం మర్చిపోయాడు దేవుడు,” అనేది లోపల్నుంచి ఇల్వా. “అందుకే ఈ సగం పొద్దస్తమానం అరవాల్సొస్తోంది.”

కొట్టుకొచ్చిన వాళ్ళు “ఐదూ ఐదూ” అని అడుగుతారు. తాతల నాడు ఐదు పైసల రొట్టె, ఐదు పైసల తోర్తా అడిగేవారట. ఆ పైసలు పోయాయి, మొన్నీమధ్య లీరాలూ పోయి యూరోలొచ్చాయి, పేరు మాత్రం నిలిచిపోయింది. రొట్టె మధ్య తోర్తా పెట్టి, మిరియప్పొడి చల్లి ఇమ్మని దానర్థం. ఎవరైనా “వినీచో, ఐదూ ఐదూ!” అనడమే ఆలస్యం, “పది! ఇంత చిన్న లెక్కకు మా కొట్టుదాకా రావాలా?” అనేవాడు. ఊరంతా విని విని అరిగిపోయిన ఛలోక్తి అది. అయినా నవ్వేవారు.

ఆ దంపతులకు పిల్లల్లేరు. ఒకరినొకరు దెప్పుకోవడమే వాళ్ళ సంసారం. చలిగా ఉంది, కోటు వేసుకో అని ఇల్వా ఏనాడూ అనలేదు. “బిగుసుకుపోయావంటే మోసుకుపోవడానికి నాకు నడుం లేదు,” అనేది. కోటు వేసుకోమంటోందని వినీచోకు తెలుసు. వేసుకునేవాడు. వేసుకుని, “నువ్వు మోస్తే స్వర్గం బదులు పొయ్యిలోకి చేరుస్తావని భయమేసింది,” అనేవాడు. ఆ మాటకు థాంక్స్ అని అర్థం. ఇద్దరికీ ఇంకో భాష అవసరం పడలేదు.

నవంబరులో ఒక ఉదయం, ఇంకా కొట్టు తలుపు తీయకముందు, పిండి కలుపుతూ వినీచో గరిటె జారవిడిచాడు.

“చేతులా అవి, బిస్కెట్టు పిండా?” అంది ఇల్వా, పొయ్యిలోకి కట్టె తోస్తూ, వెనక్కి తిరక్కుండానే.

జవాబు రాలేదు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ విసిరిన మాట నేలపాలు కావడం అదే మొదలు. తిరిగి చూస్తే వినీచో నిలబడే ఉన్నాడు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా పిండిలో మునిగి ఉంది. అదెవరి చెయ్యో అన్నట్టు దానివంక చూస్తున్నాడు. మూతి ఒక పక్కకు జారిపోయింది.

అంబులెన్సు వచ్చేదాకా, వచ్చి అతన్ని ఎక్కించుకునేదాకా, ఎక్కించుకుని ఆస్పత్రి చేరేదాకా ఇల్వా తిడుతూనే ఉంది. “నాటకాలాడకు. పని ఎగ్గొట్టే వేషాలు నా దగ్గరా? పిండంతా పాడు చేశావు, లే.” తిట్టడం ఆపితే ఏమవుతుందోనని ఆవిడ భయం.

మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. ప్రాణానికి ముప్పు తప్పింది. కాలు నిలదొక్కుకుంది. ఎడమ చెయ్యి బలహీనంగా ఉండిపోయింది. మాట మాత్రం రెండు రోజుల్లోనే తేటగా వచ్చేసింది. కాలవ అవతల పడవలకు రంగులు వేసే గల్యానో, వినీచోకు చిన్నప్పటినుంచీ జోడీ, చూడ్డానికొచ్చి మంచం చుట్టూ తిరిగి పరిశీలించాడు.

“నీకేంట్రా, చేపలాగున్నావ్!” అన్నాడు. నిక్షేపంగా ఉన్న మనిషిని ఆ ఊళ్ళో అలాగే అంటారు.

“ఏ చేప?” అడిగాడు వినీచో.

వార్డంతా గొల్లుమంది. పక్క మంచం ముసలాయన దగ్గు తెచ్చుకునేంతగా నవ్వాడు. “హమ్మయ్య, మనోడు మనకు దక్కాడు,” అని గల్యానో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇల్వా నవ్వలేదు. ఛలోక్తి విసిరేముందు వినీచో కుడి కనుబొమ్మ వెంట్రుకవాసి పైకి లేస్తుంది. అది లేవలేదు. ఏ చేపో నిజంగానే తెలుసుకుందామని అడిగాడతను.

ఆస్పత్రిలో మాటల వైద్యం చేసే అమ్మాయి పేరు జుదిత్తా. ఉత్తరాది కొండల దగ్గర్నుంచి వచ్చింది. నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడుతుంది. వినీచో ముందు బొమ్మలు పరిచి, “ఈ మనిషి పచ్చలో పడ్డాడు. ఏ బొమ్మ చూపిస్తారు?” అని అడిగింది. చేతిలో చిల్లిగవ్వ లేకపోతే పచ్చలో పడ్డాడని అంటారక్కడ, అది పసిపిల్లలకూ తెలుసు. ఒక బొమ్మలో ఒకతను ఖాళీ జేబులు బయటకు లాగి చూపిస్తున్నాడు. ఇంకో బొమ్మలో ఒకతను పచ్చిక మీద కూచున్నాడు. వినీచో పచ్చిక మీద వేలు పెట్టాడు.

“పెళ్ళైన దగ్గర్నుంచి పచ్చలోనే కదయ్యా పడి ఉన్నాం!” అంది ఇల్వా వెనకనుంచి తట్టుకోలేక. “పచ్చికెప్పుడు చూశావు నువ్వు?”

“ఇదిగో, ఇప్పుడు,” అన్నాడు వినీచో బొమ్మ చూపించి.

జుదిత్తా ఆవిణ్ణి వరండాలోకి తీసుకెళ్ళింది. “మాటలు లోపలికి వెళ్తున్నాయి ఇల్వా గారూ. మాట చాటున ఉన్న మాట వెళ్ళడం లేదు. ఆయనకి భాష పోలేదు, జ్ఞాపకం పోలేదు. కానీ ఎత్తిపొడుపైనా, తమాషా అయినా రెండర్థాలూ ఒక్కసారే పట్టుకోవాలి కదా. ఆయన చేతికి ఒక్కటే అందుతోంది. పైకి కనపడేది.”

“మళ్ళీ వస్తుందా?”

“కొంత రావచ్చు. ఎంతొస్తుందో చెప్పలేను. అందాకా ఆయనతో సూటిగా మాట్లాడండి.”

“సూటిగా అంటే?”

“మీ మనసులో ఏముంటే అది అనెయ్యడమే.”

ఇల్వా ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది. “మీ ఊళ్ళో అలా మాట్లాడుకుంటారా?”

“వీలైనంతవరకూ.”

“పాపం,” అంది ఇల్వా.

ఇంటికొచ్చాక తెలిసింది ఆవిడకు, తన దగ్గర సూటి మాట ఒక్కటీ లేదని. “తల పగిలిపోతోంది” అంటే వినీచో కంగారుగా లేచి, కుడి చేత్తో ఆవిడ నెత్తి తడిమి చూసేవాడు. విసుగుపుట్టి, అందరూ అనేట్టే “నీతో వేగలేక మోకాళ్ళలోకి పాలు దిగుతున్నాయి” అంటే వంగి ఆవిడ మోకాళ్ళు చూసేవాడు. ఆవిడ నోరు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. చివరికి “అలసిపోయాను” అనేది. ఆ చిన్న మాట అనడానికి ఆవిడకు పళ్ళు పీకించుకున్నంత పనయ్యేది. వినీచో మాత్రం విని, “అయితే కూచో,” అని కుర్చీ జరిపేవాడు. నలభై ఏళ్ళుగా నడుం నొప్పి మీద ఇన్ని సామెతలు చెప్పిందే గానీ, ఎవరూ కుర్చీ జరిపిన పాపాన పోలేదు. ఆ కుర్చీలో కూచోవాలంటే ఇల్వాకు సిగ్గేసింది.

క్రిస్మస్ దాటాక కొట్టు తెరిచారు. బల్ల దగ్గర వినీచోనే నిలబడ్డాడు. మొదట వచ్చిన రేవు కూలీ “వినీచో, ఐదూ ఐదూ!” అని కేకేశాడు.

“పది,” అన్నాడు వినీచో.

బల్ల ముందు నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మా వినీచో తిరిగొచ్చాడన్నారు. లోపల ఇల్వా పొయ్యికేసి తిరిగి నిలబడింది. అతను లెక్క చెప్పాడంతే. లెక్క సరిపోయిందో లేదోనని ఆ కూలీ మొహంలోకి చూస్తున్నాడు.

ఊరికి అసలు సంగతి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. తెలియజేసింది గల్యానోనే, అదీ పొరపాటున. ఒకరోజు బల్ల మీదికి వంగి, “మా ఆవిడకి చెప్పకుండా ఓ పాత పడవ కొంటున్నా. నోట్లో నీళ్ళు, సరేనా?” అన్నాడు. గుట్టు దాచమన్నాడు, అంతే. గల్యానో వెళ్ళగానే వినీచో గ్లాసెత్తి నోటినిండా నీళ్ళు పోసుకున్నాడు. వరసగా వచ్చినవాళ్ళు అడుగుతున్నారు, అతను బుగ్గలు ఉబ్బించుకుని తలూపుతున్నాడు. గల్యానో భార్య వచ్చి “ఏమైంది నీకు?” అని నిలదీసేసరికి, గుట్టు బయటపడుతుందని బెదిరి ఒక్కసారిగా మింగబోయాడు, పొలమారింది. ఆవిడ మొహం మీదా, రొట్టెల బుట్టలోనూ నీళ్ళు.

ఆ రోజు నవ్వినవాళ్ళలో ప్రేమే ఉంది. మర్నాటినుంచి కొందరు పనిగట్టుకుని రావడం మొదలైంది. లివోర్నోలో ఎవరినైనా ఆట పట్టించడం నేరం కాదు, పట్టించకపోతేనే అమర్యాద. కానీ ఇది వేరు. సంతలో సంచులు మోసే ఒక కుర్రాడు మిత్రుల్ని వెంటేసుకొచ్చి, “నాకు నాలుక మీద వెంట్రుకల్లేవు వినీచో, మొహమ్మీదే చెప్తా,” అన్నాడు.

“నాలుక మీద వెంట్రుకలు ఎవరికీ ఉండవు,” అన్నాడు వినీచో మర్యాదగా.

వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. “ఇంకోటి వెయ్యి, ఇంకోటి వెయ్యి,” అంటున్నాడు వెనకవాడు. వినీచో కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కదాని. ఆ నవ్వు చూసి ఇల్వాకు ఒళ్ళు మండింది. పొయ్యిలో పళ్ళేలు తోసే పొడుగాటి కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఆ కుర్రాడు చేపల అంగళ్ళ దాకా పరుగెత్తాడు. వాడి నాలుక మీదే కాదు, నెత్తి మీద కూడా వెంట్రుకలు మిగలకుండా చేస్తానని అరిచింది ఆవిడ సంత నడిబొడ్డున నిలబడి.

ఆ సాయంత్రమే వినీచోను లోపలికి మార్చింది. తను బల్ల దగ్గరికొచ్చింది.

“నన్నెందుకు లోపల పెట్టావు?” అడిగాడతను కిటికీలోంచి.

“నీతో ఆడుకుంటున్నారు వాళ్ళు.”

“ఎప్పుడూ ఆడుకునేవాళ్ళేగా.”

“పిండి చూడు ముందు,” అంది ఇల్వా.

లోపల వినీచో ఒంటి చేత్తో పిండి కలిపేవాడు, కట్టెలు అందించేవాడు. బయట మాటలు వినపడితే కిటికీ దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఎండ తగలని మొక్కలా పాలిపోయాడు. అది చూసి ఇల్వా లోలోపల కుమిలిపోయేది. ఆ కుమిలిపోవడం పైకి వస్తే అరుపుగానే వచ్చేది, ఆవిడకు వేరే దారి తెలియదు.

ఫిబ్రవరిలో ఒకరోజు గాలి కారణంగా పొయ్యి సరిగ్గా రాజుకోలేదు. బల్ల ముందు జనం. వినీచో ఎడమ చేతిలోంచి పళ్ళెం జారి పిండంతా నేల మీద పరుచుకుంది. లోపలికొచ్చి తుడవబోయిన ఇల్వా ముంజేయి పొయ్యి అంచుకు తగిలి కాలింది.

“పో! పోవయ్యా! ఆ ఊరికి పో!” అని అరిచింది.

ఆ ఊరికి పొమ్మంటే అది ఫలానా ఊరని కాదు. గంగలో దూకమన్నట్టు, తగలడమన్నట్టు. ఆ మాట ఇల్వా అతన్ని రోజుకు రెండుసార్లయినా అంటూ వచ్చింది, పెళ్ళికి ముందునుంచీ. అనేసి, బయట జనం పిలుస్తుంటే వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలికొచ్చి చూస్తే నేల శుభ్రంగా తుడిచి ఉంది. మేకుకు కోటు లేదు, టోపీ లేదు. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది.

ఇల్వా నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పకుండానే కాలవ వంతెన దాటి గల్యానో దగ్గరికి పరుగెత్తింది. “పోయాడు! పొమ్మన్నాను, పోయాడు!” అంది.

“ఎక్కడికి?”

“ఆ ఊరికి!”

గల్యానో ఇంకో ప్రశ్న అడగలేదు. రంగుల డబ్బాలు మోసే మూడు చక్రాల బండి తీశాడు. ముందు ఒకే సీటు. ఇల్వా వెనక డబ్బాల మధ్య కూలబడింది. రేవంతా తిరిగారు, అతను లేడు. సముద్రం ఒడ్డున చూడ్డానికి ఇల్వా ఒప్పుకోలేదు, కళ్ళు గట్టిగా మూసుకుంది. గల్యానోనే దిగి చూసొచ్చాడు. చివరికి పెద్ద కూడలిలో బస్సు టికెట్ల కిటికీ దగ్గర ఆగారు.

“వినీచోనా? వచ్చాడుగా,” అన్నాడు లోపల కూచున్న అతను. “‘ఆ ఊరికి ఒక టికెట్టు’ అన్నాడు. పాత వినీచో తిరిగొచ్చాడనుకున్నా. ‘ఆ ఊరికా? సగం లివోర్నో అక్కడే ఉంది, నీకు చోటు దొరకదు’ అన్నా. ‘మరి నేనెక్కడుండాలి?’ అన్నాడు పాపం, ఏడుపు మొహంతో. అప్పుడర్థమైంది నాకు. ఊరి పేరు చెప్పమన్నా. చాలాసేపు ఆలోచించుకున్నాడు. మొంతెనేరో అన్నాడు. టికెట్టిచ్చి, నేనే బస్సెక్కించా.”

మొంతెనేరో లివోర్నో వెనక కొండ మీద ఉంది. పైన మరియమ్మ గుడి, దాని ముందు రాతి కమానుల వసారా, కింద పరుచుకుని సముద్రం. మలుపు మలుపుకూ బండి మూలుగుతూ ఎక్కింది. డబ్బాల మధ్య ఇల్వా మరియమ్మకు మొక్కుతోంది, మొక్కుతూనే బండిని తిడుతోంది, గల్యానోను తిడుతోంది.

వినీచో కమానుల కింద బల్ల మీద కూచుని ఉన్నాడు. కోటుకు గుండీలు సగమే పెట్టుకున్నాడు, ఎడమ చెయ్యి సహకరించక. ఒళ్ళో పాకం పట్టిన బాదం పప్పుల అచ్చు పొట్లం. ఇల్వాను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆవిడ కూచోలేదు. ఎదురుగా నిలబడి ఊపిరి తీసుకుంది. ఈ పాటికి పాత ఇల్వా అయితే కొండ దద్దరిల్లేది. “ఇక్కడికెందుకొచ్చావు?” అని మాత్రం అడిగింది.

“నువ్వే పొమ్మన్నావు.”

“ఈ ఊరని నీకెవరు చెప్పారు?”

“నువ్వు ‘ఆ ఊరు’ అన్నావు. ‘ఆ’ అన్నావంటే నాకు తెలిసిందే అయ్యుండాలి, లేకపోతే పేరు చెప్పేదానివి.” వినీచో ఓపిగ్గా వివరించాడు. “పెళ్ళైన మర్నాడు మనిద్దరం ఇక్కడికొచ్చాం. తర్వాత కొట్టు పెట్టాం, ఇంకెక్కడికీ వెళ్ళలేదు. మనిద్దరికీ తెలిసిన ఊరు ఇదొక్కటే. నాకు ఇంకో ఊరు తట్టలేదు.”

ఇల్వా కూచుంది.

కమానుల్లోంచి గాలి ఈల వేస్తోంది. దూరంగా గల్యానో బండి చక్రాన్ని పరీక్షిస్తున్నట్టు నటిస్తున్నాడు.

“లోపల బొమ్మలు చూశాను,” అన్నాడు వినీచో. మరియమ్మ దయవల్ల గండం గడిచినవాళ్ళు వేయించి గోడలకు తగిలించిన బొమ్మలవి. “బాగున్నాయి. పడవ మునిగినవాడు పడవ మునిగినట్టే వేయించాడు. గుర్రం తన్నినవాడు గుర్రం తన్నినట్టే. అన్నీ అర్థమయ్యాయి నాకు.” ఆవిడకేసి తిరిగి అడిగాడు. “నన్నెందుకు పొమ్మన్నావు?”

“పొమ్మని కాదు.”

“పొమ్మన్నావు. రెండుసార్లు.”

ఇల్వా నోట్లోకి సామెతలు గుంపుగా వచ్చాయి. ఒక్కటీ పనికిరాదు. ఒక్కొక్కదాన్నీ మింగుతూ కూచుంది. చివరికి తన కాలిన ముంజేతి వంక చూస్తూ అంది.

“భయమేసింది.”

“దేనికి?”

“నీ చేతిలోంచి పళ్ళెం జారితే. ఆ రోజు గరిటె కూడా అలాగే జారింది. నువ్వు చచ్చిపోతావేమోనని భయం. రోజూ పొద్దున్నే లేవగానే నీ ఊపిరి చూస్తా. నువ్వు పిండి కలుపుతుంటే నీ చేతికేసే చూస్తా. భయమేస్తే నాకు అరుపొస్తుంది. ఇంకేమీ రాదు.”

వినీచో ఇదంతా శ్రద్ధగా విన్నాడు. “ఇంతకుముందు కూడా భయమేసే అరిచేదానివా?”

“కొన్నిసార్లు.”

“మిగతాసార్లు?”

“మిగతాసార్లు...” ఇల్వా అటూ ఇటూ చూసింది. అచ్చు అమ్మే ఆమె తప్ప దగ్గర్లో ఎవరూ లేరు. “నీ మంచి కోరి.”

ఆ దేశంలో కట్టుకున్నవాడితోనైనా, కన్నపిల్లలతోనైనా ప్రేమను చెప్పే మాట అదే. నీ మంచి కోరతాను. బస్సెక్కేవాళ్ళతో, ఫోను పెట్టేసేముందు, పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఎన్నోసార్లు అంటారు. అనేవాళ్ళకుగానీ వినేవాళ్ళకుగానీ అందులో మంచి అనే మాట వినపడదు, అంత అరిగిపోయింది. ఇల్వా నోట్లో అయితే అరగలేదు. పెళ్ళినాడు కూడా ఆవిడ ఆ మాట అనలేదు.

వినీచోకు ప్రతి మాటా విడివిడిగా వినిపించింది.

“ఏం మంచి?” అడిగాడు.

“ఆ?”

“నా మంచి కోరతానన్నావు. ఏం మంచి కోరతావు?”

ఇల్వాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. అతను జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. చెప్పక తప్పేట్టు లేదు.

“నీకు చలి వెయ్యకూడదు,” అంది. అతని కోటు గుండీలు పెడుతూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. “ఈ ఎడమ చెయ్యి బాగవ్వాలి. నిద్ర బాగా పట్టాలి నీకు. ఎవరూ నిన్ను చూసి నవ్వకూడదు. నవ్వినా నీతో కలిసి నవ్వాలి. నా తర్వాత పోవాలి నువ్వు. కాదు, కాదు, నా తర్వాతైతే నీకు అన్నం ఎవరు పెడతారు... నా ముందు కాదు, తర్వాత కాదు. నాకు తెలియదు. ఆ సంగతి వదిలెయ్.”

“సరే,” అన్నాడు వినీచో. “అవన్నీ మంచివే.” పొట్లంలోంచి బాదం అచ్చు ముక్క విరవబోయాడు, ఒంటి చేత్తో విరగలేదు. ఇల్వా పట్టుకుంటే అతను విరిచాడు. పెద్ద ముక్క ఆవిడకిచ్చాడు. “నాకు బల్ల దగ్గర నిలబడాలనుంది. అదొకటి కూడా కోరు.”

తిరుగు ప్రయాణంలో ముందు సీటులో గల్యానో పక్కన వినీచోను ఇరికించారు. ఇల్వా డబ్బాల మధ్య కూచుంది. కొండ దిగేదాకా గల్యానో ముక్కు చీదుతూనే ఉన్నాడు, రంగుల వాసన పడడం లేదని చెప్పాడు.

మర్నాడు వినీచో బల్ల దగ్గర నిలబడ్డాడు. ఇల్వా అందరికీ వినపడేట్టు చెప్పింది. “ఇతనితో ఏదనాలంటే అది సూటిగా అనండి. వంకరగా మాట్లాడాలనిపిస్తే కిటికీ దగ్గరకు రండి, నేనున్నాను.” కర్ర గోడకు ఆనించి ఉంది, దాన్ని చూపించాల్సిన పని రాలేదు.

మొదట్లో జనానికి మాటలు తడుముకోవాల్సొచ్చింది. “రొట్టె మధ్యలో తోర్తా పెట్టి ఇవ్వు, మిరియప్పొడి ఎక్కువ,” అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవారు. సంచుల కుర్రాడు ఒకనాడు ఒంటరిగా వచ్చి, బల్ల ముందు చాలాసేపు నిలబడి, “ఆ రోజు చేసింది తప్పు,” అన్నాడు. “అవును,” అన్నాడు వినీచో. “తోర్తా కావాలా?” వాడు తినేసి వెళ్ళాడు. తర్వాత రోజూ వచ్చేవాడు.

వారానికి రెండు రోజులు జుదిత్తా దగ్గర వినీచో నుడికారాలు నేర్చుకున్నాడు, పరాయి భాష నేర్చుకున్నట్టు, ఒక్కోదానికీ అర్థం బట్టీపట్టి. నేర్చుకున్నవి వాడాలని సరదా. ఎండ కాస్తుంటే వానమీద సామెత చెప్పేవాడు. పెళ్ళికూతురికి చావుమాట అప్పజెప్పేవాడు. కొన్ని సరిగ్గా తగిలేవి. తగిలినా తగలకపోయినా కుడి కనుబొమ్మ కదిలేది కాదు. అది ఇక కదలదని వేసవి నాటికి ఇల్వాకు అర్థమైంది.

ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఒకరోజు మాత్రం మధ్యాహ్నం కొట్టు మూశాక కాలవ దాటి గల్యానో దగ్గరికెళ్ళింది. అతను పడవకు నీలం రంగు వేస్తున్నాడు.

“గల్యానో, నన్ను తిట్టు.”

“ఏమని?”

“ఏదో ఒకటి. వినీచో తిట్టేట్టు.”

గల్యానో బ్రష్షు పక్కన పెట్టి, తల గోక్కుని, గట్టిగా ఆలోచించాడు. “నువ్వు... లావయ్యావు,” అన్నాడు.

“ఛీ. అది తిట్టా? అది వార్త,” అంది ఇల్వా. ఇద్దరూ పడవ అంచున కూచున్నారు. “సరదాగా ఉండేది,” అంది. “అంతే. చాలా సరదాగా ఉండేది.” గల్యానో తలూపాడు. పోగొట్టుకుంది ఆవిడొక్కతే కాదు మరి. రంగు ఆరిపోతోందని ఆవిడే గుర్తు చేసి, లేచి వచ్చేసింది.

కొట్టులో వినీచో రాగి పళ్ళేలు తోముతున్నాడు. ఒడిలో ఇరికించుకుని, కుడి చేత్తో గుండ్రంగా రుద్దుతున్నాడు. ఇల్వా ఎదురుగా స్టూలు మీద కూచుని, ఎన్నాళ్ళనుంచో ఉన్న ప్రశ్న అడిగింది. పాత రోజుల్లో అడిగి ఉంటే అతనేదో ఒకటి అనేవాడు, ఆవిడేదో అనేది, నవ్వులో కొట్టుకుపోయేది.

“నన్నెందుకు చేసుకున్నావు?”

వినీచో రుద్దడం ఆపాడు. తొందరపడలేదు.

“నువ్వు నవ్వితే పై చిగుళ్ళు కనపడేవి,” అన్నాడు. “నాకది బాగుండేది.”

ఇల్వాకు ఆ చిగుళ్ళంటే చిన్నప్పట్నుంచీ సిగ్గు. ఫోటోల్లో నోరు బిగించుకునేది. బడిలో ఆడపిల్లలు వెక్కిరించేవారు. నలభై ఏళ్ళలో వినీచో వెక్కిరించని అవయవం లేదు ఆవిడ ఒంట్లో, ముక్కు, నడుం, పాదాలు, మెడ. చిగుళ్ళ జోలికి మాత్రం అతనెప్పుడూ పోలేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

“అంతేనా?” అంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

“మీ వంటింట్లో వెచ్చగా కూడా ఉండేది,” అన్నాడు వినీచో. “చెయ్యి తియ్యి, కనపడడం లేదు.”

ఇల్వా చెయ్యి తీసింది.